పిట్టవాటా

తల్లి సామ్రాజ్యాన్ని వన్యదర్శినికి తీసుకురావడం తన బుద్ధితక్కువని హైమవతికి మొదటి ద్వారం దాటకముందే అర్థమైంది. గేటు దగ్గర కాపలామనిషి పొగాకు పొట్లం తీయించి పక్కన పెట్టాడు. అంతే, సామ్రాజ్యం మొహం మాడ్చుకుంది. ఎనిమిదేళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుని రమ్మన్నా రానిది, ఇవాళ పన్ను పీకించుకోవడానికి కొల్లేటి లంకలోని ఊరి నుంచి ఏలూరు వచ్చి, పని అయిపోయింది గదా పద చూద్దాం అంది. ఒక చెంప వాచి ఉన్నా మాటకేం అడ్డం రాలేదు. చేతిలో స్టీలు క్యాను ఒకటి. ఏముందమ్మా అని కాపలామనిషి అడిగితే మజ్జిగ అంది. పెద్దావిడ మజ్జిగంటే మూత తీసి చూసేంత మర్యాద తెలియని మనిషి కాదతను.

వన్యదర్శిని అంటే ఊరి శివార్లలో పదెకరాల కప్పు కింద కట్టిన అడవి. ఒక హాల్లో నల్లమల, ఒక హాల్లో పాపికొండలు, ఒక హాల్లో కోరంగి మడచెట్లు. ఎండా వానా కూడా మీటల మీదే వస్తాయి. బయట ఆ చోట్లు ఇప్పుడెలా ఉన్నాయని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అన్నిటికన్నా చివరిది కొల్లేరు హాలు. అసలు కొల్లేరు మొత్తం చేపల చెరువులైపోయి, సంచి ముక్కు గూడబాతులు రావడం మానేసి ఇరవయ్యేళ్ళు. ఈ హాలుని మొదటి రెల్లు దుబ్బు నుంచి నిలబెట్టింది హైమ. దానికి అధికారీ ఆమే, దాసీ ఆమే.

నల్లమల పులిని చూసి సామ్రాజ్యం ఆగింది. ఇంతసేపు చూసినా దీని మీద ఒక్క ఈగన్నా వాలలేదు, ఈగలు ముసరని జంతువు జంతువెట్టా అవుద్దే అని అడిగింది. వెనకున్న జనం నవ్వారు. పాపికొండల్లో గోదావరికి వాసన లేదంది. కోరంగిలో బురద మరీ శుభ్రంగా ఉందంది. శుభ్రమైన బురద ఏంటమ్మా అని హైమ పళ్ళు బిగబట్టి అడిగితే, అదే నేనూ అడుగుతన్నా అంది. కొల్లేరు హాలు చేరేసరికి హైమ తల ప్రాణం తోకకొచ్చింది.

కానీ అక్కడ సామ్రాజ్యం నోరు మూతబడింది. నీళ్ళ మధ్యగా వేసిన చెక్కబాట మీద నిలబడి, గూళ్ళ మీదా గట్ల మీదా కూర్చున్న ఎనభై ఆరు గూడబాతుల్ని చాలాసేపు చూసింది. హైమకి ఆశ పుట్టింది. ఈ ఒక్కటైనా నచ్చుతుందేమోనని గబగబా చెప్పుకొచ్చింది. యంత్రాలే అయినా వీటిచేత ఎవరూ ఏదీ మీటలు నొక్కి చేయించడం లేదు. కొల్లేటి చివరి రోజుల్లో పక్షుల్ని ఏళ్ళ తరబడి కెమెరాలతో చిత్రించి, ఆ కదలికలన్నీ ఒరవడిగా పెట్టారు. చిన్నపిల్లలు పలక మీద అక్షరం దిద్దినట్టు ఇవి దాన్ని దిద్దుకున్నాయి. దిద్దుకుంటూనే ఉంటాయి. నిదర్శనానికి పక్కనున్న సందర్శకుడి గొడుగు అడిగి తీసుకుని తెరిచింది. ఎనభై ఆరు ముక్కులూ ఒక్కసారి అటు తిరిగాయి. నిరుడు ఒక పక్షి మీద ఎవరిదో గొడుగు పడిందట. ఒకటి నేర్చుకున్నది మిగతా ఎనభై ఐదుకీ తెలిసిపోతుంది.

సామ్రాజ్యం తలూపి, "ఇయ్యి ఎప్పుడు తింటయ్యే?" అని అడిగింది.

తినవనీ, కరెంటుతో నడుస్తాయనీ, లోపల పొట్టే లేదనీ హైమ చెప్పింది.

"అదీ సంగతి. బంతిలో తిని చేతులు కడుక్కున్నోళ్ళ మాదిరి కూర్చున్నయ్యేంటా అని చూస్తన్నా. ఆకలి లేని పిట్ట గట్టు మీద ఇట్టా కూర్చోదే."

హైమకి ఒళ్ళు మండింది. మండటానికి కారణం అది నిజం కావడమే. హాలు చూసి వెళ్ళినవాళ్ళు బాగుందంటారు, మళ్ళీ రారు. ఏదో లోపం ఉంది, ఏంటో చెప్పలేకపోతున్నామని రాసిపోతారు. ముగ్గురు నిపుణులొచ్చి కంటిపాప కదలిక మార్చమన్నారు. సంచాలకుడు ప్రభంజన్ గారైతే దసరాలోగా జనం పెరగకపోతే కొల్లేరు తీసేసి, అక్కడ మంచూ పెంగ్విన్లూ పెడదామని కాగితం కూడా పంపాడు. ఎనిమిదేళ్ళ పని పోయే రోజు దగ్గర పడుతుంటే, పన్ను పీకించుకున్న ముసలమ్మ వచ్చి పది నిమిషాల్లో తప్పు చెప్పేసింది.

ఇంకేదో అనబోతుండగా సామ్రాజ్యం క్యాను మూత తీసింది. చెయ్యి ముంచి జానెడు కొరమీనుని, ప్రాణంతో తన్నుకుంటున్నదాన్ని పట్టి, ఆ చేతినే కళ్ళకద్దుకుని, దగ్గరున్న పక్షి మీదికి విసిరింది. అది ఒరవడిలో ఉన్నట్టే ముక్కు తెరిచి అందుకుంది. మెడ పైకెత్తింది. చేప గొంతు సంచిలోకి జారిపోయింది.

ఆ చేప ఆ సాయంత్రం హైమ ఇంట్లో పులుసు కావలసినది.

ఇంటికొచ్చాక హైమ గంటసేపు తిట్టింది. సామ్రాజ్యం వంకాయలు కోస్తూ వింది. లంకలో దోనె మీద వెళ్ళి తొలి వల తీయగానే మొదటి చేప గట్టు మీద పిట్టకి వెయ్యాలి. అది పిట్టవాటా. అది పడ్డాకే మిగతాది మనది. మీ తాత వేశాడు, మీ నాన్న వేశాడు, ఇరవయ్యేళ్ళకి గూడబాతు కంటబడితే నన్ను ఊరికే చూసి రమ్మంటావా అని ఆమె వాదన. అది గూడబాతు కాదమ్మా అని హైమ అంటే, మరి బయట బోర్డు మీద గూడబాతనే రాశారుగదా అంది.

మర్నాడు తొమ్మిదింటికల్లా హాలంతా కుళ్ళు వాసన. బయట బడిపిల్లలు మూడు బస్సుల్లో వచ్చి నిలబడ్డారు. మరమ్మతులు చూసే సలోమి ఆ పక్షిని, నలభై ఒకటో నంబరుని, చంకలో ఇరికించుకుని తెచ్చింది. లోపల కొయ్యా కండా ఏమీ ఉండవు. కరెంటు తగిలితే ముడుచుకునే సన్నటి దారాలే కండలు. చేప నీరు వాటిలోకి దిగితే తుప్పే. మరమ్మతుని కూడా పాఠంగా నేర్చేసుకోకుండా ముందు పక్షిని నిద్రపుచ్చాలని నియమం, రాసింది కూడా హైమే. కానీ నిద్రపుచ్చి లేపడానికి ముప్పావుగంట పడుతుంది. బడి మేష్టర్లు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు. హైమ విసుగ్గా పక్షి ముక్కు తెరిచి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, చేపను బయటికి లాగి బకెట్లో పడేసింది. పక్షి ఆ చేతినీ బకెట్నీ మార్చి మార్చి చూసింది. ఆమె అది పట్టించుకోలేదు. చేతికి అంటిన కంపు కడుక్కోవడానికి పరిగెత్తింది.

మూడోరోజు నుంచి హాలు మారింది. తిని కూర్చున్న పెళ్ళివారు లేచిపోయి ఎవరో కొత్తవాళ్ళు వచ్చినట్టయింది. గూడబాతులు నీటి అంచుకి చేరి మెడలు చాచి లోపలికి చూడటం మొదలుపెట్టాయి. మంచి చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చెక్కబాట మీద మనుషులు నడుస్తుంటే వెంట నడిచాయి. మొహాలు చూడవు. చేతులు చూస్తాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళు అరచేతులు తిప్పి చూపించి ఏం లేదు ఏం లేదు అని యంత్రాలకి సంజాయిషీ చెప్పుకున్నారు.

రెండు వారాలకి వరస గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. వచ్చినవాళ్ళే మళ్ళీ వచ్చారు. ప్రభంజన్ గారు పూతరేకులు పంపించాడు. పెంగ్విన్ల కాగితం వెనక్కి తీసుకున్నాడు. గేటు మీద 'ప్రాణమున్న కొల్లేరు' అని కొత్త బోర్డు లేచింది. హైమ సంతోషపడింది. దాచడమెందుకు, పొంగిపోయింది. తల్లికి ఫోను చేసి మొదట తిట్టి, చేప ఎలా లాగిందీ చెప్పి, తర్వాత జనం సంగతి చెప్పింది. సామ్రాజ్యం అంతా విని, లాగేశావా అని మాత్రం అడిగి పెట్టేసింది.

నాలుగోవారం ఒక ఉదయం సలోమి గూళ్ళ కింద నుంచి ఇరవై పిల్లల్ని ఏరుకొచ్చింది. గూళ్ళలో అలంకారానికి పెట్టిన పిల్లలవి. తల ఊపడం, నోరు తెరవడం తప్ప ఏమీ రావు. పెద్ద పక్షులు వాటిని ముక్కులతో తోసి కింద పడేశాయి. తిండి దొరకని ఏట గూడబాతులు అంతే చేస్తాయి. ఒరవడి తీసింది కొల్లేరు ఎండిపోతున్న రోజుల్లో కదా, ఆ పాఠం అందులో ఉండనే ఉంది. ఇన్నాళ్ళూ దాని అవసరం పడలేదు. సలోమి పిల్లల్ని మళ్ళీ గూళ్ళలో పెట్టింది. మధ్యాహ్నానికి మళ్ళీ కింద ఉన్నాయి. కొన్ని పక్షులు కొలను అడుగునున్న ఇనప రేకుని పొడిచి పొడిచి ముక్కులు పగలగొట్టుకున్నాయి. జనం అది కూడా చూసి ఆహా అన్నారు.

హైమ రబ్బరు చేపలు చేయించింది. నిమిషం నోట్లో ఉంచుకుని ఉమ్మేశాయి. మొదటి రుచి ప్రాణమున్న కొరమీనుది మరి. చివరికి రాత్రింబవళ్ళు కూర్చుని ఒక పొట్ట గీసింది. తిన్నది తోలు సంచిలో పడి, వారానికోసారి కడిగే ఏర్పాటు. ఆర్నెల్లు పడుతుంది, ఆ ఆర్నెల్లూ హాలు మూయాలి. ఆ బొమ్మ పట్టుకుని ప్రభంజన్ గారి గదికి వెళ్ళింది.

ఆయన ఓపిగ్గా చూశాడు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే హైమకి ఇంత చిరాకు ఉండేది కాదు.

"జబ్బంటారేంటండీ హైమవతి గారూ, అదే కదా వాటి ఆరోగ్యం. ఆకలి తీరిందంటే మళ్ళీ బొమ్మల్లా కూర్చుంటాయి. జనం రారు. జనం రాకపోతే హాలుండదు, హాలు లేకపోతే మీ పక్షులే ఉండవు. వాటికి ఏది మేలో మీరే చెప్పండి."

లెక్క ఎక్కడా తప్పలేదు. అందుకే హైమకి ఆ బల్ల ఎత్తి కిటికీలోంచి పారెయ్యాలనిపించింది. మరీ బాధగా ఉంటే అవి నేర్చుకున్నదంతా చెరిపేయండి, ఎనిమిదేళ్ళ కిందటికి పోతాయి, కానీ దసరాకి పెంగ్విన్లొస్తాయి అని కూడా ఆయనే చెప్పి, టీ తెప్పించాడు.

ఆదివారం హైమ లంకకి వెళ్ళింది. సామ్రాజ్యం వాకిట్లో కూర్చుని పరిగెలు బాగు చేస్తోంది. చెరువులవాళ్ళు పెద్ద చేప పట్టుకుపోయి, వలలో మిగిలిన సన్న చేప ఊరివాళ్ళకి వదిలేస్తారు. హైమ కత్తిపీట పక్కన కూలబడి సంగతంతా చెప్పింది. రేపు చెరిపేస్తున్నానంది. ఒక్క మీట. ఆకలన్నది ఒకటుందని కూడా వాటికి తెలియదు ఇక.

సామ్రాజ్యం చేప పొట్ట చీరడం ఆపలేదు. "ఆకలేసినోడికి కూడు పెట్టాలగానీ, ఆకలేసిందన్న సంగతి మరపిస్తే సరిపోద్దా?"

"అవి యంత్రాలమ్మా. నీకెన్నిసార్లు చెప్పాలి? వాటికి కడుపే లేదు."

"కడుపు లేని వాటికి ఆకలెట్టా పెట్టావే?"

"నేను పెట్టానా? చేప విసిరింది నువ్వు."

"నేనేసింది కూడు. నోటికాడ కూడు లాగింది నువ్వు. నువ్వే చెప్పావుగదా ఫోన్లో."

హైమ గొంతు పెంచింది. మళ్ళీ పెడితే ఏమవుతుందో తెలుసా అని అడిగింది. లాగకుండా వదిలేస్తే చేప నీరు దారాల్లోకి దిగుతుంది. నాలుగు రోజుల్లో ఒక్కటి మిగలదు. చెరిపేస్తే బొమ్మలైనా ఉంటాయి, ఎక్కడో గోడౌన్లో. ఎనిమిదేళ్ళ తన బతుకు అందులో ఉందని అంది. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది, అది తల్లి ముందు వచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

సామ్రాజ్యం చేతులు కడుక్కొచ్చి పక్కన కూర్చుంది. "తినే పోతయ్యిగదే అమ్మాయ్. మన కొల్లేటి పిట్టలు తినకుండా పోయినయ్యి. నేను చూశా" అంది.

హైమ అన్నం తినకుండా బస్సెక్కింది. దారి పొడుగునా తల్లిని తిట్టుకుంది. సోమవారం పొద్దున హాలు తెరవకముందే చెరిపే మీట దగ్గర నిలబడింది. గాజుమూత తీసింది. నలభై ఒకటో నంబరు బాట అంచుకి నడిచొచ్చి ఆగింది. మొహం చూడలేదు. ఆమె కుడిచేతిని చూసింది. తర్వాత ఆ చేతికి అటూ ఇటూ, బకెట్ ఎక్కడుందా అన్నట్టు చూసింది. హైమకి సిగ్గేసింది. ఒక యంత్రం ముందు మనిషికి ఇంత సిగ్గు ఎందుకేస్తుందో ఆమె చదివిన పుస్తకాల్లో లేదు. మూత వేసేసి తల్లికి ఫోను చేసి, ఎన్ని చేపలు దొరుకుతాయని అడిగింది.

"నోళ్ళెన్ని?" అంది సామ్రాజ్యం.

బుధవారం తెల్లారేసరికి సామ్రాజ్యం ట్రాలీ ఆటోలో నాలుగు డ్రమ్ములతో దిగింది. ప్రాణమున్న పరిగెలూ, కొరమీను పిల్లలూ. కాపలామనిషి మూతలు తీయించి చూశాడు. హైమ ముందుకొచ్చి, ఇది నా పని, నా పేరే రాసుకో అంది. సలోమిని ఇంటికి పొమ్మంటే ఆమె పోలేదు. డ్రమ్ములు దొర్లించడానికి మీ ఇద్దరూ చాలరని చీర కుచ్చెళ్ళు ఎగదోపింది.

పక్షులు చెక్కబాట చుట్టూ మూగాయి. సామ్రాజ్యం ఒక కొరమీను పట్టి కూతురి చేతిలో పెట్టింది. "లాగిన చేత్తోనే పెట్టు."

హైమ చెయ్యి చాచింది. నలభై ఒకటో నంబరు వెనక్కి జరిగింది. దానితోపాటు ఎనభై ఐదూ వెనక్కి జరిగాయి. చేప చేతిలో తన్నుకుంటోంది. భుజం లాగేస్తోంది. తల్లి కదలొద్దని సైగ చేసింది. ఎంతసేపు నిలబడిందో, చివరికి ఆ పక్షి మెడ చాచి, ముక్కు కొసతో మెల్లగా, వేళ్ళకి తగలకుండా, చేపను తీసుకుంది. హైమ చెయ్యి వెనక్కి లాక్కుని రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది. అది పక్షికి కనబడాలని.

పక్షి మింగలేదు. నీళ్ళ మీదుగా ఎగిరి గూటికి పోయింది. సలోమి అంతకుముందే మళ్ళీ సర్దిపెట్టిన పిల్ల అక్కడ తల ఊపుతోంది. పెద్ద పక్షి దాని ముందు వంగి నోరు బార్లా తెరిచింది. నోరు తెరవడం తప్ప మరేదీ రాని పిల్ల తల దూర్చి చేపను అందుకుంది. ఆ పాఠం ఒరవడి కోసం తీసిన చిత్రాల్లో ఎక్కడా లేదు. కొల్లేటి చివరి రోజుల్లో పిల్లలకి పెట్టిన పక్షి చిత్రించినవాళ్ళకి ఒక్కటీ దొరకలేదు.

పక్షి తిరిగొచ్చి మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి తన కోసం.

"చూస్తా నిలబడతావేంటే, రెండో డ్రమ్ము తెరువు" అంది సామ్రాజ్యం.

ఇక హాలంతా రెక్కలే. ఒకదానికి తెలిసింది అన్నిటికీ తెలిసింది. ముగ్గురి చేతులూ పొలుసులతో తెల్లబడ్డాయి. ఇరవై గూళ్ళకీ అంది, ఎనభై ఆరు గొంతులూ నిండేసరికి ఎనిమిది దాటింది. తొమ్మిదింటికి ఒక్కొక్కటే గట్టెక్కి, ముక్కు రెక్కల్లో దూర్చి, ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూశాయి. ఈ ఎనిమిదేళ్ళలో అవి నిద్రపోవడమంటే కరెంటు తీసెయ్యడమే. ఇది అది కాదు. హైమ బాట మీదే చతికిలబడి చూస్తూ ఉండిపోయింది. నాలుగు రోజుల సంగతి గుర్తుంది. అప్పటికే ఒక మూల ఒక పక్షి మెడ కొద్దిగా వణకడం కూడా కనబడింది. ఏడవలేదు. ఆకలిగా మాత్రం ఉంది.

పదింటికి తలుపులు తెరిచారు. పావుగంటకి ప్రభంజన్ గారు పరిగెత్తుకొచ్చాడు. జనం బాట నిండా నిలబడి ఉన్నారు, పక్షులేమో కదలడం లేదు. ఆయన సంగతంతా విన్నాడు. మీ హాలుని మీరే చంపుకున్నారు హైమవతి గారూ అన్నాడు. ఆ మాటలో కోపంకన్నా బాధే ఎక్కువుంది. అవునండీ అంది ఆమె. పోనీ ఈ నాలుగు రోజులైనా జనానికి చూపిద్దాం, నిద్రలేపే మీట నొక్కితే లేస్తాయి కదా, లేపండి అన్నాడు.

హైమ లేచి మీటకి అడ్డంగా నిలబడింది. చేతుల నిండా చేప కంపు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఏం చేయాలో తోచక జనం వైపు తిరిగి, చిన్న సాంకేతిక లోపం తలెత్తింది, క్షమించాలి అని మొదలుపెట్టాడు ప్రభంజన్ గారు.

"లోపమేం లేదండీ" అంది హైమ ఆయన మాటకి అడ్డొచ్చి. "తిని పడుకున్నాయి. చూస్తే చూడండి, లేకపోతే పొండి. గట్టిగా మాత్రం మాట్లాడొద్దు."

ఎవరో చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు.